నడిమి దొంగ చంకలో చుక్క

సిద్దిరాములుకు అరుంధతి ఎన్నడూ కనబడలేదు.

పెళ్లినాడు కనబడలేదంటే అది తప్పు కాదు. మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో పంతులు పందిట్లోంచి బయటికి తీసుకొచ్చి, ఉత్తరం వైపు వేలు చూపి, అదిగో అమ్మాయికి చూపించు అంటే చూపించగలిగిన పెళ్లికొడుకు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. అందరూ తలూపుతారు. అక్షింతలు పడతాయి. వంటవాళ్లు విస్తళ్లు పరుస్తారు. అతనూ తలూపాడు, పక్కన శంకరమ్మా తలూపింది.

తప్పు కాపురానికొచ్చాక మొదలైంది. గౌడవెల్లిలో వాళ్ల ఇంటి వాకిలి విశాలం. దక్షిణానికి తల పెట్టి మంచాలేసుకుంటే కాళ్ల దిక్కున ఉత్తరాకాశమంతా పరుచుకుని ఉండేది.

"పెండ్లినాడు చూపిస్తివి గదా, ఏదయ్యా అరుంధతి? ఇప్పుడు చూపియ్యి" అంది శంకరమ్మ.

అక్కడి ఏడు చుక్కలూ అతనికి తెలుసు. తల్లి చెప్పిన కథ ఒకటుంది. నాలుగు చుక్కలు పేదవ్వ మంచానికి నాలుగు కోళ్లు. వెనక వంకరగా వచ్చేవి ముగ్గురు దొంగలు. మంచం కోళ్లు వెండివని ఎవరో చెబితే ఎత్తుకుపోవడానికి వచ్చారు. అవ్వ కన్ను మూయదు, దొంగలు వెనక్కి పోరు. అంతే కథ. ఇందులో అరుంధతి లేదు. ఏడో తరగతి దాకా చదివిన ఊరిబడి పాఠంలోనూ లేదు. అసలు దూరపు వస్తువేదీ అతని కంటికి స్పష్టంగా ఆనేది కాదు. చుక్కలంటే రాతి మీద పిండి చల్లినట్టు కనబడేవి. కానీ కొత్త పెళ్లాం ముందు తెలియదనడానికి నోరెట్లా వస్తుంది? వేలెత్తి ఏదో చుక్కను చూపించాడు.

"కనబడ్డదా?"

శంకరమ్మ ఆ వేలు వెంట చూసింది. ఒక క్షణం ఆగింది. "కనబడ్డది" అంది.

ఆమెకు నిజంగానే కనబడేది. కాకి కంటే చురుకైన కళ్లు. మడిలో కొత్తిమీర కోసి కట్టలు కడుతుంటే గడ్డిపోచ ఒక్కటి మిగలకుండా ఏరి పారేసేది. వాళ్ల వంశంలో ఎవరి పెళ్లి జరిగినా, అదే రాత్రి పెళ్లిపిల్లకు అరుంధతిని చూపించే పని శంకరమ్మదే. పిల్ల గడ్డం పట్టి పైకెత్తి, "ముగ్గురు దొంగలున్నరు సూడు. నడిమి దొంగ సంకల సిన్న సుక్క. అవ్వ ముక్కుపుల్ల కొట్టేసి దాసుకున్నడు లంగగాడు" అనేది. పిల్ల నవ్వేది. నవ్వుతుండగానే చుక్క కనబడేది. ఆ పక్కన సిద్దిరాములు మీసం మీద చెయ్యేసుకుని, ఆ చుక్క తన పొలంలో పండినట్టు నిలబడేవాడు. ఎవరన్నా అడిగితే, "నాకు కనబడకుంట ఎట్లుంటది" అనేవాడు.

అట్లా ముప్పై ఏళ్లు గడిచాయి. ఉన్న ఒక్క బిడ్డకూ పెళ్లి చేసి తూప్రాన్ పంపారు. గౌడవెల్లి చుట్టూ ద్రాక్షతోటలు పోయి ప్లాట్ల రాళ్లు నాటుకుంటున్నాయి. వీళ్లకు మాత్రం ఎకరన్నర ఆకుకూర మడి మిగిలింది.

1998 ఎండాకాలంలో, లాల్‌గడి మలక్‌పేట్‌లో ఉండే తమ్ముడు సత్తయ్య తన బిడ్డ పెళ్లి పెట్టుకున్నాడు. ముహూర్తం పొద్దుగూకినాక పడింది. తలంబ్రాలయ్యాక పంతులు జంటను బయటికి తీసుకొచ్చి, "ఈసారి నాకు అబద్ధమాడే బాధ తప్పింది. చుక్క నిజంగనే ఉంది" అన్నాడు. అందరూ నవ్వారు.

"వదినా, రా. నీ డ్యూటీ ఎక్కు" అని కేకేశాడు సత్తయ్య.

శంకరమ్మ పెళ్లిపిల్ల గడ్డం పట్టి పైకెత్తింది. తనూ తలెత్తింది. చెయ్యి లేచింది గానీ ఎటూ చూపకుండా గాలిలో నిలబడిపోయింది.

"మొగులు వట్టిందా?" అంది మెల్లగా.

మబ్బు తునకైనా లేదు, ఆకాశం తోమి బోర్లించిన గిన్నెలా ఉంది.

"మొగులేడుంది పెద్దమ్మా? దొంగలు ముగ్గురు గంత సక్కగ ఉన్నరు" అంది పెళ్లిపిల్ల.

గోడ పక్కన కూర్చున్న సిద్దమ్మ అనే ముసలామె బోసినోరు తెరిచింది. "అరుంధతి కనబడకపోతే ఆర్నెల్లేనంటరు బిడ్డా" అంది.

గుంపు గతుక్కుమంది. పెళ్లింట అదేం మాట? సత్తయ్య కంగారుగా సర్దబోయాడు. "నువ్వూకో అవ్వా. వదినకు వంటలకాడ నిద్ర లేదు, కండ్లు మండుతున్నయి. అన్నా, నువ్వు రా. ఇయ్యాల నువ్వు చూపియ్యి."

తలలన్నీ సిద్దిరాములు వైపు తిరిగాయి. పెళ్లికొడుకు వేలు చాచి, ఎటు పెట్టాలో చెప్పమన్నట్టు చూస్తున్నాడు. సిద్దిరాములు పైకి చూశాడు. పిండి చల్లిన రాయి. ఇంతమంది ముందు తప్పుడు చుక్క చూపిస్తే, పెళ్లిపిల్లే కాదంటుంది. ముప్పై ఏళ్ల మీసం ఒక్క రాత్రిలో రాలిపోతుంది. అతని నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాదేముంది తమ్మీ. అరుంధతి పతివ్రతలకే కనబడుతదట. ఇగ మా ఇంటి సంగతి మీరే సమజ్ చేసుకోండ్రి."

పందిరి గొల్లుమంది. "అబ్బ, బావ నోటికి దండం పెట్టాలె" అన్నారెవరో. ఆ నవ్వులో ఎవరికీ చుక్క సంగతి గుర్తు రాలేదు. పంతులు జంటను లోపలికి తీసుకుపోయాడు. సిద్దిరాములు గట్టెక్కాడు.

శంకరమ్మ చెయ్యి పిల్ల గడ్డం మీంచి ఎప్పుడు జారిందో అతను చూడలేదు.

మర్నాడు రాత్రి తిండి తిని మంచాల మీద వాలారు. అతను ఏమీ అడగలేదు. ఆమే అంది: "ఇయ్యాల సక్కగ కనబడుతాంది. నిన్న ఆ ట్యూబులైట్ల ఎలుగుకు కనబడలే."

"ఊఁ" అన్నాడు.

ఆ తర్వాత రోజూ అంతే. నడుం వాల్చగానే, ఎవరో హాజరు పిలిచినట్టు, "కనబడుతాంది" అనేది. ఒక పెడసరపు మాట అనేసి మర్చిపోయినవాడు అతను. దాన్ని కొంగున కట్టుకుని రోజూ బాకీ తీరుస్తున్నది ఆమె. క్షమించమన్న మాట అతని నోటి దాకా ఏ రాత్రీ రాలేదు. రావాలని అతనికి తోచనూ లేదు.

మేడ్చల్ రోడ్డు మీద కొత్త కాలనీలో శంకరమ్మ ఆకుకూర వేసే ఇళ్లుండేవి. అందులో కామేశ్వరి ఇల్లొకటి. రాజమండ్రి వైపు వాళ్లు. భర్త వెంకటేశ్వరరావు బ్యాంకు ఉద్యోగి. ఒకరోజు సిద్దిరాములు సైకిల్ మీంచి గంప దించి గేటు దగ్గర నిలబడ్డాడు. శంకరమ్మ గేటు గడియ కోసం కమ్మీలన్నీ తడుముతోంది.

"శంకరమ్మా, నీ తోటకూరలో గరిక వస్తోందమ్మా. మా వారు గడ్డి తింటారని ఎవరు చెప్పారు నీకు?" అంటూ కామేశ్వరి వచ్చి తనే గడియ తీసింది. "ఆదివారం మేడ్చల్ బళ్లో కళ్ల డాక్టర్లు వస్తున్నారట. ఊరికే చూస్తారు. నేను తీసుకెళ్తాను, వస్తావా?"

"నా కండ్లకేమైందమ్మా? రోజు అరుంధతిని సూస్తున్న. కావాలంటె ఈయన్నడుగు."

కామేశ్వరి అతని వైపు చూసింది.

"ఆఁ, సూస్తది" అన్నాడు సిద్దిరాములు. సైకిల్ తిప్పుకున్నాడు.

ఆషాఢంలో ఒక సాయంత్రం వాన పడి వెలిసింది. ఆకాశమంతా మబ్బు. ఈ చివర నుంచి ఆ చివర దాకా గొంగడి కప్పినట్టుంది. చుక్క లేదు, చంద్రుడు లేడు. వాకిలి ఆరాక మంచాలేశారు. చీకట్లో శంకరమ్మ మంచం పట్టె తడుముకుని కూర్చుంది. కాళ్లెత్తి పైన పెట్టుకుంది. తల వాల్చింది.

ఆ రాత్రి ఆమె ఇంకా ఏమీ అనకముందే అతనడిగాడు. ఎందుకడిగాడో తర్వాత ఎన్నిసార్లు తనను తాను నిలదీసుకున్నా మంచి జవాబు దొరకలేదు.

"ఏమే, అరుంధతి కనబడుతాందా?"

"సక్కగ కనబడుతాంది" అంది శంకరమ్మ.

తల తిప్పి చూశాడు. ఆమె కళ్లు విప్పార్చుకుని, మబ్బు వైపు నమ్మకంగా చూస్తోంది. పెదవుల మీద చిన్న నవ్వు కూడా ఉంది, పరీక్ష పాసైన పిల్లలా.

అప్పుడే లేచి, లైటేసి, ఆమె కళ్లలోకి చూసి, పొద్దున్నే డాక్టరు దగ్గరికి పోదాం పద అనవలసింది. అనలేదు. అంటే, మబ్బు పట్టిన ఆకాశంలో చుక్క అడిగానని ఒప్పుకోవాలి. చూపు పోయిందని డాక్టరు అంటే, పెళ్లిలో తను అన్న మాట ఎంత నీచమో సత్తయ్య దగ్గర్నుంచి అందరికీ తెలుస్తుంది. ఇవన్నీ పైకి చెప్పుకోదగిన కారణాలు. అడుగున ఇంకొకటుంది. అది తెలిసిన క్షణాన అతనికి కడుపులో చల్లగా అనిపించింది. ఇంట్లో అరుంధతి కనబడనివాళ్లు ఇప్పుడు ఇద్దరు.

ఆ చల్లదనంతోనే నిద్రపోయాడు.

రాఖీ పున్నమ దాటాక మేడ్చల్ అంగడిలో ఆకుకూర కొనే షుకూర్ అతన్ని పక్కకు పిలిచాడు. వీళ్ల సరుకు ఏళ్ల తరబడి కళ్లు మూసుకుని కొన్నవాడు.

"అన్నా, బురా మత్ మానో, ఏమనుకోకు. భాభీ కట్టలల్ల సగం గడ్డే వస్తాంది. గిరాకులు నన్ను తిడుతున్నరు. భాభీ తబియత్ మంచిగుందా? పోయిన వారం నా ముందలకెల్లే వోయింది, నేను సలామ్ చేసిన, గుర్తు వట్టలే."

"దాని పొగరు అట్లుంటది" అన్నాడు సిద్దిరాములు.

ఇంటికొచ్చి శంకరమ్మ ముందు కట్టలు విసిరాడు. "గడ్డేదో కూరేదో సమజైతలేదా నీకు? ఇజ్జత్ తీస్తున్నవు." అతనికి తెలుసు, ఆమెకు సమజు కాకపోవడం ఎందుకో. తెలిసే అరిచాడు. ఆమె కిందపడ్డ కట్టలు ఏరుకుంటూ రెండు చేతులతో నేలంతా తడిమింది. ఒక కట్ట అతని కాలి పక్కనే ఉండిపోయింది. దాన్ని అతను అందించలేదు.

చలికాలం వచ్చింది. చలికాలం సాయంత్రాలు ఆ మంచమూ ఆ దొంగలూ ఆకాశంలో ఉండరు, తెల్లవారుజాముకు గానీ పైకి రారు. చలికి వీళ్లూ లోపలే పడుకునేవాళ్లు. శంకరమ్మకు చెప్పవలసిన అబద్ధం తప్పింది. కాలి బొటనవేలికి పుండై మానలేదు. కడవల నీళ్లు తాగేది. కళ్ల ముందు నల్ల దారాలు ఆడుతున్నాయని ఒకసారి అని, వెంటనే నాలిక కరుచుకుంది. సంక్రాంతి వెళ్లిన వారానికి ఒక పొద్దున్న లేచి కూర్చుని, "ఇంకా తెల్లారలేదా?" అంది. ఎండ అప్పటికే గడప దాటి లోపలికొచ్చింది.

పట్నంలో పెద్ద కళ్ల ఆసుపత్రికి కామేశ్వరే దగ్గరుండి తీసుకెళ్లింది. ఒంట్లో షుగర్ ఎప్పట్నుంచో ఉంది, అది కంటి వెనక పొరను తినేసింది, లోపల రక్తం కారింది అన్నారు. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానిలో వెలుగేదో నీడేదో తెలిసేంత మిగులుతుంది.

డాక్టరమ్మ చిన్న వయసుది. కోపం దాచుకోలేదు. "ఆర్నెల్ల ముందు తీసుకొచ్చినా ఒక కన్ను దక్కేది కదండీ. ఇంట్లో ఈమెకు కనబడటం లేదని మీరు గమనించలేదా?"

సిద్దిరాములు "లేదమ్మా" అన్నాడు.

పక్కనుంచి శంకరమ్మ అందుకుంది. "ఆయనకేం ఎర్కమ్మా? నేనే దాసిన. పాపం, రోజు అడుగుతనే ఉన్నడు."

రోజూ అడిగింది లేదు. ఒక్కసారే అడిగాడు.

ఆ రోజు నుంచి ఇంటి పని అతని మీద పడింది. అన్నం వండాడు, సూది మందు పొడవడం నేర్చుకున్నాడు, చెయ్యి పట్టి దొడ్డికి తీసుకెళ్లాడు. ఊళ్లో ఆడవాళ్లు పెళ్లాన్ని ఎంత బాగా చూసుకుంటున్నాడో అన్నారు. ఆ మాట విన్నప్పుడల్లా అతను తల దించుకునేవాడు. అది వినయమని వాళ్లనుకున్నారు.

మళ్లీ వేసవి మొదలైంది. ఒక సాయంత్రం చీకటి పడుతుండగా కాలనీలో ఆకుకూర ఇవ్వబోతే, మేడ మీంచి వెంకటేశ్వరరావు పిలిచాడు. "సిద్దిరాములు గారూ, పైకి రండి. బైనాక్యులర్స్ కొన్నాను, మంచి చుక్కలున్నాయి."

"చుక్కలు చూడ్డానికి ఆయనకి తీరికెక్కడిదండీ, మీలాగా?" అంది కామేశ్వరి. అయినా టీ గ్లాసుతో తనూ పైకొచ్చింది.

రావుగారికి చెప్పడం ఇష్టం, వినేవాడు దొరకడం అరుదు. ఉత్తరం వైపు చెయ్యి చాచాడు. "అదిగో, సప్తర్షి మండలం. ఏడుగురు ఋషులు. చివర్నుంచి రెండోది వశిష్ఠుడు. ఆయన పక్కనే అరుంధతి."

"మిగతా ఆర్గురికి పెండ్లాలు లేరా సారు?"

"భలే అడిగారు. ఉన్నారు. అటు చూడండి, పడమట కుంగిపోతున్న చిన్న గుంపు. కృత్తికలు. వాళ్లే ఆ ఆరుగురూ."

"గంత దూరమేంది?"

"అదే కథ. అగ్నిదేవుడు ఈ ఋషుల భార్యల మీద మనసుపడ్డాడు. స్వాహాదేవికేమో అగ్ని మీద ప్రేమ. ఆవిడ ఒక్కొక్క ఋషి భార్య వేషం వేసుకుని అతని దగ్గరికి వెళ్లింది. ఆరుగురి రూపం వచ్చింది, అరుంధతి రూపం మాత్రం రాలేదు. లోకం చెవులు కొరుక్కుంది. ఋషులు ఆరుగురు భార్యల్నీ ఇంట్లోంచి వెళ్లగొట్టారు."

"తప్పు చేసింది ఇంకొకామె గదా?"

"అవును."

"మరి ఋషులకు ఎర్క కాలేదా?"

"విశ్వామిత్రుడు అంతా కళ్లారా చూశాడు. వెళ్లి చెప్పాడు, మీ ఆడవాళ్ల తప్పేమీ లేదని."

"చెప్పినంక?"

"చెప్పినా తీసుకోలేదు."

"తీసుకోరు" అంది కామేశ్వరి టీ అందిస్తూ. "తెలియక చేసినవాడైతే పోన్లే అనుకోవచ్చు. తెలిసీ ఊరుకున్నారు చూడండి, వాళ్లని రోజూ తలెత్తి చూసి దణ్ణం పెట్టాలట మనం! ఆరుగురు మహాజ్ఞానులు!"

"నన్నంటావేం? నేనేం ఋషినా?" అన్నాడు రావుగారు.

సిద్దిరాములు టీ తాగలేదు. రావుగారు బైనాక్యులర్స్ అతని మెడలో వేసి, మధ్యలో మర తిప్పి సరిచేశాడు. పిండి చల్లినట్టున్న రాయి మీద, ఒక్కొక్క పలుకూ విడివిడిగా నిలబడింది. ముగ్గురు దొంగలు. నడిమివాడి చంకలో, చిన్నగా, ఏ అనుమానానికీ చోటివ్వకుండా, ఒక చుక్క.

అతను చాలాసేపు దించలేదు.

"ఏంటండీ, ఇన్నేళ్లూ చూడనట్టు చూస్తున్నారు?" అంది కామేశ్వరి నవ్వుతూ. "అది వట్టి కంటికి ఆనటం లేదంటే చావుకి భయపడక్కర్లేదు, కళ్లద్దాలు పెట్టుకుంటే చాలు. మీరూ చూపించుకోండి."

ఇంటికొచ్చేసరికి శంకరమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. అతను పక్కన కూర్చున్నాడు. పైన ఆకాశం నిర్మలంగా ఉంది. ఇవాళ చెప్పకపోతే ఇక ఎన్నడూ చెప్పలేనని అతనికి తెలుసు. చెబితే, ఆసుపత్రిలో ‘పాపం’ అన్న ఆ ఒక్క మాట కూడా తనకు మిగలదని తెలుసు.

"శంకరమ్మా, నాకు అరుంధతి ఎన్నడు కనబడలే. ఇయ్యాల రావుసారు యంత్రంల పెట్టి చూపిస్తె కనబడ్డది."

శంకరమ్మ నవ్వింది. చాలా నెలల తర్వాత.

"ఎర్కే."

"ఏం ఎర్క?"

"కాపురానికొచ్చిన కొత్తల అడిగితె నువ్వు మంచం కోడు చూపిచ్చినవు. అరుంధతి దొంగల దిక్కు గదా ఉంటది. మా అవ్వ చిన్నప్పుడే చూపిచ్చింది నాకు."

"మరి ఎన్నడన్నా అన్నవా?"

"ఎందుకంట? నలుగురిట్ల నీ ఇజ్జత్ తీస్తె నాకేమస్తది?"

ఆమె చెయ్యి తడుముతూ వచ్చి అతని మోకాలి మీద ఆగింది. అక్కడితో ఆపి ఉండవచ్చు. ఆ చెయ్యి అక్కడే ఉండేది.

"ఇంకొకటుంది" అన్నాడు. "ఆషాఢంల వాన వడ్డనాడు నిన్నడిగిన, అరుంధతి కనబడుతాందా అని. సక్కగ కనబడుతాందన్నవు. ఆ నాడు మొగులు వట్టి ఉండె. ఒక్క సుక్క లేదు."

శంకరమ్మ మొహం అతని వైపు తిప్పింది.

"నీకు కనబడ్తలేదని ఆ నాడే నాకు ఎర్క."

ఊరవతల రైలు కూసి పోయింది. ఆమె వేళ్లు లెక్కపెడుతున్నట్టు కదిలాయి. ఆషాఢం నుంచి సంక్రాంతి దాకా. వేళ్లు ఆగాక చెయ్యి మోకాలి మీంచి తీసుకుంది.

"నన్ను లోపలికి తీస్కపో" అంది.

తీసుకుపోయాడు. గడప దగ్గర అతని చెయ్యి విడిపించుకుని, గోడ పట్టుకుని తనే పోయి పడుకుంది. ఆ ఎండాకాలం ఉక్కపోతలోనూ మళ్లీ వాకిట్లోకి రాలేదు. అతను పెట్టింది తిన్నది. సూది పొడిస్తే జబ్బ చాపింది. తిట్టలేదు, ఏడవలేదు, బిడ్డకూ చెప్పలేదు.

కామేశ్వరి పోరి పోరి సిద్దిరాములుకు కళ్లద్దాలు చేయించింది. ఇప్పుడతనికి బైనాక్యులర్స్ అక్కర్లేదు. తలెత్తితే చాలు, అరుంధతి ముల్లులా కనబడుతుంది. వాకిట్లో ఒకే మంచం. అతను నడుం వాల్చిన చప్పుడు విని లోపల్నుంచి శంకరమ్మ ఒక్క మాట అడుగుతుంది. రోజుకు ఆ ఒక్క మాటే.

"మొగులు వట్టిందా?"

అతను అద్దాలు సరిచేసుకుని, ఆకాశం నాలుగు మూలలా చూసి, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.